పదమూడు వందల ఉత్తరాలు

మంగళవారం పొద్దున దుకాణంలోకి వచ్చిన మనిషి కాళ్ళకు ఏ లోపమూ లేదు. గడప దాటి రెండడుగులు వేసేసరికే అక్కగారు ఆ సంగతి కనిపెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల వెనక కూర్చుని ఆవిడ ముందు చూసేది నడకనే, మొహం తర్వాత. రెండు మడమలూ సమానంగా అరిగిన నల్లబూట్లు, ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో లాప్‌టాప్ సంచీ. ఇతను కాలిజోడు కోసం వచ్చినవాడు కాదు, ఏదో అంటగట్టడానికి వచ్చినవాడు అనుకుని కళ్ళజోడు సవరించుకుంది.

ఆ దుకాణానికి మామూలు కాళ్ళవాళ్ళు రారు. ఒక కాలు పొట్టి అయినవాళ్ళు, పాదం లోపలికి తిరిగినవాళ్ళు, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వస్తారు. కుట్టేది తమ్ముడు. పైతోలు మిషను మీద కుట్టేది అతని భార్య. కొలతలు తీసుకోవడం, ఫోను ఎత్తడం, ఇంటర్నెట్‌లో దుకాణం సైటు చూసుకోవడం అక్కగారి వంతు. నిజానికి ఆవిడ తమ్ముడొక్కడికే అక్క. వీధి వీధంతా ఆ వరస కలిపేసుకుంది.

"మేడమ్, మీ సైటు ఆరోగ్యం ఏమీ బాగాలేదు," అన్నాడు వచ్చినతను, కుర్చీ అంచున కూర్చుని. డాక్టరు రోగి బంధువులతో చెప్పే గొంతు పెట్టాడు.

"దానికేం జబ్బు? నిన్న కూడా తెరిచి చూశానే."

"పైకి కనిపించదు మేడమ్. లోపల ఉంటుంది." అతను రంగు కాగితాల రిపోర్టు ఒకటి బల్ల మీద పరిచాడు. ఎర్రగీత ఒకటి ఎడమ నుంచి కుడికి దిగజారుతోంది. "మీ సైటు వైపు పదమూడు వందల లింకులున్నాయి. లింకంటే తెలుసుగా, వేరేవాళ్ళ సైటులో మీ పేరు మీద నొక్కితే మీ సైటుకొచ్చే దారి."

"పదమూడు వందల మంది మాకు దారి చూపిస్తున్నారా? మంచిదేగా."

"చూపించేవాళ్ళెవరన్నది ముఖ్యం. పెద్దమనిషి మీ పేరు చెబితే మీకు గౌరవం. జూదగాళ్ళు, దొంగమందుల వాళ్ళు నలుగురిలో మీ పేరు చెబుతుంటే?"

"మేం చెప్పమని అడగలేదు కదండీ."

"ఆ సంగతి నెట్‌లో వెతికే యంత్రానికేం తెలుసు? ఇదీ వాళ్ళ జట్టేనని మిమ్మల్ని అడుక్కి తోసేస్తుంది. చూశారా, రెండు నెలలుగా మీ గీత."

అక్కగారు గీత వైపు చూసింది. రెండు నెలలన్న మాట ఆవిడకు గుచ్చుకుంది. రెండు నెలలుగా నిజంగానే దుకాణం గడప తొక్కే కాలు తగ్గిపోయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే తమ్ముడు బూట్ల ఫ్యాక్టరీలో చేరిపోతాడు. తోలు కోసే విభాగానికి సూపర్‌వైజరుగా రమ్మని వాళ్ళు కాగితం పంపారు. సోమవారంలోగా సంగతి తేల్చమన్నారు. ఆ కాగితం ఇప్పుడు వెనకగదిలో మేకుకు గుచ్చి ఉంది. దాని మీద జిగురు మరక కూడా పడింది.

వెనకగదిలోంచి గూటం చప్పుడు ఆగింది. "అక్కా, ఎవడో మన పేరు చెబితే మన జోడు వంకరపోతుందా?" అన్నాడు తమ్ముడు, తలుపు చాటునుంచే.

"నువ్వు కుట్టు. మాట్లాడుతున్నాంగా," అంది అక్కగారు.

మొదటి నెల ఉచితమన్నాడు రిపోర్టాయన. పని రెండు రకాలు. ఆ పదమూడు వందల మందికీ లింకు తీసేయమని ఉత్తరాలు పంపడం ఒకటి. తీయనివాళ్ళ పేర్లన్నీ జాబితా కట్టి వెతికే సంస్థకు 'వీళ్ళు మావాళ్ళు కారు' అని అప్పగించడం రెండోది. "ఉత్తరాలు మా మిషనే పంపుతుంది మేడమ్. కాకపోతే మీ పేరు మీద వెళ్ళాలి. ఓ నలభై పేర్లు మాత్రం మాకు అనుమానంగా ఉన్నాయి. అవి మీరొకసారి చూసి, తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వదిలేయండి. మిగతావాటికి టిక్కు పెట్టండి."

తెలిసినవాళ్ళు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ దుకాణంలో వచ్చినవాళ్ళను కాలు గురించి తప్ప మరేదీ అడగరు. తండ్రి పెట్టిన పద్ధతి అది. వంకరకాలుతో పుట్టిన మనిషి లోకం అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయి మన దగ్గరికొస్తాడు, ఇక్కడైనా వాణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి అనేవాడాయన. అందుకని ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది అని అడగరు. మా సంగతి ఎవరు చెప్పారని కూడా అడగరు. పద్ధతి మంచిదే. ఎవరు ఏ దారిన వస్తున్నారో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

*

బుధవారం మధ్యాహ్నం పక్కనున్న ఫొటో స్టూడియో ఆయన వచ్చాడు. అక్కగారి సైటు కట్టిపెట్టింది ఆయనే. రంగు కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, చెవిలో పుల్ల తిప్పుకుంటూ నవ్వాడు.

"ఇవి మనుషులు పెట్టేవి కావు అక్కగారూ. దీపం పెడితే పురుగులు రావూ, అలా వచ్చి వాలతాయి. నా సైటుకి రెండు వేలున్నాయి. నేనెప్పుడన్నా ఏడ్చానా?"

"మీకు పెళ్ళిళ్ళ ఫొటోలు. జనం ఎలాగూ వస్తారు."

"ఆ వెతికే యంత్రంవాళ్ళు ఇట్లాంటివి చూసీ చూసీ ఉన్నారు. లెక్కలోకే తీసుకోరు. అయినా ఆ రాతలు మన గోడ మీద లేవు. వాళ్ళ గోడ మీద వాళ్ళు మన పేరు గీక్కున్నారు. మనమెళ్ళి ఎన్ని గోడలు కడుగుతాం?"

"మరి ఆర్డర్లెందుకు తగ్గాయి?"

"పోయినేడు ఇవే నెలల్లో ఎన్నొచ్చాయో చూశారా?"

చూడలేదు. చూడాలని అనిపించలేదు కూడా. ఊరికే వచ్చిన సలహా, అందులోనూ చెవిలో పుల్ల తిప్పుకుంటూ చెప్పిన సలహా. రిపోర్టాయన దగ్గర గీతలున్నాయి, రంగులున్నాయి, శాతాలున్నాయి. అక్కగారు చదివింది పదో తరగతి. అచ్చులో ఉన్నదాన్ని కాదనడం ఆవిడకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

స్టూడియో ఆయన వెళ్ళాక ఆవిడ నలభై పేర్ల ముందు కూర్చుంది. ఒక్కొక్కటి తెరవడం, మూసేయడం, టిక్కు పెట్టడం. పేకాట. అప్పులు. నెత్తిన జుట్టు మొలిపించే నూనె. ఏ భాషో తెలియని అక్షరాల మధ్య తమ దుకాణం పేరు, ముళ్ళకంపలో చిక్కుకున్న గుడ్డపేలికలా. పొద్దున దేవుడి ముందు కూర్చున్న కళ్ళతో ఇవన్నీ చూడవలసి వచ్చిందే అనుకుంది. ఇరవై దాటేసరికి చూడటం తగ్గి, మూయడం ఎక్కువైంది.

ఇరవై ఏడో పేరు 'మా నడక'. తెరవగానే పైన పసుపుపచ్చ అక్షరాలు మిణుకుమిణుకుమంటూ పక్కకు పాకాయి. ఇటుపక్క పందేల ప్రకటన. అటుపక్క మగతనం మాత్రలు, సగం బట్టలతో ఒక ఆడమనిషి. నడుమ ఫొటోలు, అన్నీ కాళ్ళే. మోకాళ్ళ దగ్గర కోసేసిన చిన్నచిన్న ఒట్టికాళ్ళు, వరసగా, మొహాలు లేకుండా.

అక్కగారు ఏం జబ్బు మనుషులో అనుకుని చటుక్కున మూసేసింది. టిక్కు పెట్టింది. పెట్టిన చేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

సాయంత్రం ఉత్తరం నమూనా వచ్చింది. ఆవిడ పైకి చదువుతుంటే మరదలు మిషను ఆపి వింది.

'మీ సైటు వంటి నాసిరకం సైటులో మా సంస్థ పేరు కనిపించడం మా ప్రతిష్ఠకు భంగం కలిగిస్తోంది. మీతో ఎటువంటి సంబంధమూ మేము కోరుకోవడం లేదు. ఏడు రోజుల్లోగా మా లింకును తొలగించనిచో తగిన చర్య తీసుకోబడును.' కింద అక్కగారి పేరు, దుకాణం పేరు.

"ఎవరో ఏమిటో తెలీకుండా తిట్టుత్తరం రాయడమేంటి వదినా?" అంది మరదలు, దారం కొస నోట్లో తడుపుకుంటూ.

"వాళ్ళు మనుషులు కారుట. యంత్రాలుట."

"యంత్రాలైతే చదవవుగా. మరి రాయడమెందుకు?"

అక్కగారు 'నాసిరకం' అన్న మాట దగ్గర వేలు ఆనించి ఇంకోసారి చదివింది. వెనకగదిలో తమ్ముడు అచ్చులు దులుపుతున్నాడు. ఒక్కో కాలికి ఒక్కో కొయ్య అచ్చు, అడుగున అంకె వేసి, గోడ నిండా అరల్లో ఉంటాయి. వాటిని దించి, తుడిచి, అట్టపెట్టెల్లోకి సర్దుతున్నాడు. ఎందుకు సర్దుతున్నావని ఎవరూ అడగలేదు. పెట్టెలోకి అచ్చు జారినప్పుడల్లా ఖాళీగా ఒక చప్పుడు వస్తోంది.

అక్కగారు 'పంపు' అన్నచోట నొక్కింది.

*

గురువారం పొద్దున్నుంచీ ఉత్తరాలు తిరిగొచ్చాయి. చిరునామా లేదు. పెట్టె నిండిపోయింది. అటువంటివారు ఎవరూ లేరు. వందలకొద్దీ అవే మాటలు. మధ్యాహ్నానికి మాత్రం మనిషి రాసినట్టున్న జవాబు ఒకటి వచ్చింది.

'అమ్మా, మీ ఉత్తరం అందింది. మీ లింకు తీసేశాం. మీకు ఇబ్బంది అవుతుందని తెలియక పెట్టాం. క్షమించండి. ఇక పెట్టం.'

అక్కగారు రెండుసార్లు చదివింది. పంపినవారి పేరు చోట 'మా నడక' అని ఉంది.

రిపోర్టాయన ఫోన్లో సంబరపడ్డాడు. "చూశారా మేడమ్, ఒకరోజులోనే ఫలితం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారు. తప్పు లేకపోతే క్షమాపణ ఎందుకు చెబుతారు? ఈ సైటు శుభ్రమైందని పచ్చరంగు వేస్తున్నా."

ఫోను పెట్టేశాక కూడా ఆవిడకు ఆ జవాబు మనసులోనే మెదులుతూ ఉంది. మాత్రలమ్ముకునేవాళ్ళు 'అమ్మా' అని రాస్తారా? వీధిలోకి వెళ్ళి స్టూడియో తలుపు తోసింది. ఆయన ఎవరి ఫొటోలోనో కనుబొమల మధ్య మచ్చ చెరుపుతున్నాడు.

"మొత్తం పదమూడు వందల ఉత్తరాలకు ఒకటే జవాబొచ్చిందండీ," అంది.

ఆయన తల తిప్పలేదు. "దెయ్యాలన్నింటికీ ఉత్తరాలేశారు. అందులో ఎక్కడో ఒక మనిషి ఉన్నట్టున్నారు. వాళ్ళే చదివారు, వాళ్ళే తీసేశారు."

"అంటే?"

"అంటే ఏముంది. చెత్త చెత్తలానే ఉంది. ఉన్న ఒక్క మనిషీ వెళ్ళిపోయాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు." అప్పుడు తల తిప్పి చూశాడు. ఆవిడ మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఊరికే అన్నాలెండి. ఎవరైతేనేం, మీకు తెలిసినవాళ్ళు కాదుగా."

కాదు, అంది అక్కగారు. ఆ మాట అంటూనే, తెలుసా తెలియదా అన్నది తనకే తెలియదన్న సంగతి మొదటిసారి తోచింది.

*

శుక్రవారం తాతగారొకాయన మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. నాలుగేళ్ళ పిల్ల. కిందికి దించగానే కుడికాలి మునివేళ్ళ మీద నిలబడి, ఎడమకాలు చాపి, గోడ పట్టుకుంది. కుడికాలు పొట్టి. రెండు వేళ్ళ ఎత్తు తేడా ఉంటుందని అక్కగారు చూపుతోనే లెక్క కట్టింది.

"రా తల్లీ, ఈ పలకెక్కు."

పొట్టికాలి కింద పల్చటి చెక్కపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చడం, ప్రతిసారీ వెనక్కి వెళ్ళి నడుము సమంగా వచ్చిందో లేదో చూడటం, అదీ ఆవిడ కొలత. ఆరు పలకలకు పిల్ల నడుము నిలబడింది. గోడ వదిలేసి, తన రెండు కాళ్ళూ నేలనంటడం చూసుకుని, అలాగే ఉండిపోయింది పిల్ల. తర్వాత నేల మీద తెల్లకాగితం పరిచి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీసింది అక్కగారు. పిల్ల కితకితలని కాలు లాక్కుంది. మళ్ళీ గీయాల్సొచ్చింది.

తాతగారు చేతిలోని చీటీ నలుపుతూ చుట్టూ చూస్తున్నాడు. ఆయనకు మాట్లాడకుండా ఉండటం కష్టంగా ఉన్నట్టుంది. "అడ్రసు కనుక్కోవడం కాస్త ఇబ్బందైందమ్మా. ఇదివరకైతే ఫోన్లో మీ పేరు మీద నొక్కితే చాలట, దారంతా అదే చూపించేదట. నిన్నటినుంచీ తీసేశారట. చేత్తో రాసుకోమన్నారు. నా చేతిరాత నాకే తెలియక రెండు వీధులు అటు తిరిగొచ్చా."

పెన్సిలు ఆగింది. "ఎవరు తీసేశారు?"

"ఆ పేజీ వాళ్ళమ్మా." అనేసి ఆయన నాలుక్కరుచుకున్నాడు. "అయ్యో. ఈ సంగతి ఇక్కడ ఎత్తొద్దని కూడా రాశారు. ముసలి నోరు, దీనికి గడియ ఉండదు. వినలేదనుకోండి."

అక్కగారు చెయ్యి చాపింది. ఆయన చీటీ ఇచ్చాడు. బాల్‌పెన్నుతో వణుకుతూ రాసిన తమ దుకాణం పేరు, వీధి, పక్కన ఫొటో స్టూడియో అని గుర్తు.

ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అడగని మాట ఆవిడ అడిగింది. "ఏ పేజీ బాబాయిగారూ?"

ఆయన వెళ్ళాక మళ్ళీ తెరిచింది 'మా నడక'. ఈసారి మూయలేదు. పసుపు అక్షరాలు పాకుతూనే ఉన్నాయి, మాత్రలూ పందేలూ అటూ ఇటూ ఉన్నాయి. అది ఊరికే ఇచ్చే చోటని, అక్కడ పేజీ పెట్టుకుంటే పక్కన ఎవరి ప్రకటనలు పడినా కాదనడానికి లేదని స్టూడియో ఆయన తర్వాత చెప్పాడు. ఆవిడ నడుమనున్న ఫొటోలు చూసింది. ఒక్కో ఫొటో కింద రెండు ముక్కలు. 'ఐదేళ్ళు. జోడు లేకుండా.' పక్కనే ఇంకో ఫొటో. 'అదే కాలు. జోడుతో.' ఆ జోడు మడమ వెనక, తోలు మడిచి వేసిన అడ్డకుట్టు కనిపించింది. అలా ఇంకెవరూ వేయరు. అది తమ్ముడి చెయ్యి.

అలాంటి ఫొటోలు పందొమ్మిది లెక్కపెట్టి ఆపేసింది. పిల్లల మొహాలు నలుగురిలో పెట్టడం ఇష్టంలేక మోకాళ్ళ దగ్గర ఆపేశారని అప్పటికి అర్థమైంది. పేజీ అడుగున నిన్నటి తేదీతో ఒక మాట ఉంది.

'జోళ్ళ షాపువారి పేరు మీద నొక్కితే వెళ్ళే దారి తీసేశాం. మన పేజీలో ఉండటం వల్ల వాళ్ళకు చెడ్డపేరు వస్తోందట. మనవాళ్ళెవరూ అక్కడ ఈ విషయం ఎత్తి వాళ్ళను ఇబ్బంది పెట్టకండి. పని మాత్రం వాళ్ళలా చేసేవాళ్ళు లేరు. అడ్రసు కింద ఉంది. చేత్తో రాసుకుని వెళ్ళండి. సెలవులయ్యాక కొత్త కొలతలకు అందరం వెళ్ళేవాళ్ళమే కదా.'

సెలవులు. అక్కగారు పాత కొలతల పుస్తకం దించి, పోయిన ఏడాది ఇవే నెలలు తీసింది. పేజీకి ఒకటో రెండో కాళ్ళు. ముందటేడూ అంతే. ఆ తర్వాత నెలలో పేజీలు కిక్కిరిసి ఉన్నాయి. ఏటా చూస్తూనే ఉన్న సంగతి ఇది. ఎర్రగీతను చూశాక పుస్తకం సంగతే మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం తమ్ముడికి అన్నీ చెప్పింది. అతను మడమ ఎత్తుకు వేసే బెండు అట్టను కత్తితో అంచుల వెంట వాలుగా చెక్కుతున్నాడు. వింటున్నంతసేపూ చెక్కుతూనే ఉన్నాడు.

"నువ్వు చూడలేదా అక్కా ఫొటోలు?" అన్నాడు చివరికి.

"చూశాన్రా. చూసి మూసేశా."

అతను బెండు మీది పొడి ఊదేసి మళ్ళీ కత్తి ఆనించాడు. నాలుగు మాటలంటే బాగుండునని ఆవిడకు అనిపించింది.

*

శనివారాల్లో ఆ పిల్లలంతా ఒక బడి వెనక రేకుల షెడ్డులో కలుస్తారని పేజీలోనే రాసి ఉంది. అక్కగారు వెళ్తుంటే తమ్ముడూ బయల్దేరాడు. నువ్వెందుకురా అంటే, దారిలో మేకులు కొనాలన్నాడు. మేకుల కొట్టు దాటిపోయినా ఆగలేదు.

షెడ్డు లోపల కసరత్తు జరుగుతోంది. పిల్లలు ఒట్టికాళ్ళతో చాపల మీద కాళ్ళు చాపడం, ముడవడం చేస్తున్నారు. ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు. గుమ్మం బయట గోడ వెంబడి జోళ్ళు విడిచి ఉన్నాయి. పాతిక జతలకు పైనే ఉంటాయి. ఏ జతలోనూ రెండోది మొదటిదానిలా లేదు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. ఒకటి పొడవు, ఒకటి గుండ్రన. కొత్తవి, అరిగినవి, రంగు వెలిసినవి. అన్నీ ఆ వెనకగదిలోంచి వచ్చినవే.

ఇద్దరూ ఆగిపోయారు. తమ్ముడు తన చేతినుంచి వెళ్ళిన జోళ్ళను అంతవరకూ ఎప్పుడూ ఒకేచోట చూసి ఉండలేదు. అతను గొంతుకూర్చుని, మొదటి జోడు తీసి తిరగేసి, మడమ అరుగుదల బొటనవేలితో తడిమి చూశాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు.

అక్కగారు లోపలికి వెళ్ళింది. గోడ వెంబడి బల్లల మీద కూర్చున్న తల్లుల్లో, తండ్రుల్లో సగం మొహాలు ఆవిడ ఎరిగినవే. ఎవరికి వారు విడివిడిగా వచ్చి వెళ్ళినవాళ్ళు. ఇంతమందికి ఒకళ్ళతో ఒకళ్ళకు పరిచయం ఉందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ఆవిడను చూసి ఒకరిద్దరు లేచారు. ఒకరిద్దరు చూపు తిప్పుకున్నారు.

పేజీ నడిపేది ఒకావిడ, బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా మీదే ఉంది, మెడలో టిక్కెట్ల సంచీ తీయలేదు. "కూర్చోండమ్మా. గంటలో మళ్ళీ బస్సెక్కాలి," అంది. గొంతులో వేడీ లేదు, చల్లదనమూ లేదు. "లింకు తీసేశాను చూశారా? ఇంకెక్కడన్నా మిగిలిపోయిందా? ఆ లింకులూ అవీ నాకూ సరిగ్గా తెలీవు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఫోన్లో కొట్టుకుంటూ ఉంటా."

"మీకు కోపం రాలేదా?" అంది అక్కగారు.

కండక్టరు సంచీ జిప్పు ఒకసారి లాగి, మళ్ళీ మూసింది. "రాకేం. ఆ రోజు ఒకాయన దిగాల్సిన స్టాపు దాటించేశాను కూడా. కోపం వచ్చింది గదాని పిల్లల్ని ఒట్టికాళ్ళతో నడిపిస్తామా అమ్మా?"

అక్కగారు కూర్చోలేదు. ఆ ఉత్తరం రిపోర్టాయన మిషను పంపిందని, మాటలు తనవి కావని ఇంటి దగ్గర అనుకుని వచ్చింది. దారి పొడవునా ఆ మాటలు వరసపెట్టుకుంది కూడా. తీరా అందరూ తనవైపు చూస్తుంటే అవేవీ నోటికి రాలేదు.

"ఆ ఉత్తరం కింద ఉన్న పేరు నాది," అంది. "వద్దనుకునేవాళ్ళ జాబితాలో మీ పేజీకి టిక్కు పెట్టింది కూడా నేనే. ఎవరి మీదా నెట్టడానికి లేదు."

అంకెలు లెక్కపెట్టే గొంతు ఆగింది. పిల్లలు కాళ్ళు గాలిలోనే ఉంచి చూస్తున్నారు. మూలనుంచి ఒక తండ్రి అడిగాడు. పోయినేడు కూతురికి జోడు కుట్టించుకున్న మనిషి. తోటపని చేసేవాడని అతని చేతుల్ని బట్టి ఆవిడ అప్పట్లో అనుకుంది. అడగలేదు.

"మా పిల్లల కాళ్ళు చూసి ఏమనుకున్నారండీ?"

కొట్టడానికి అడిగిన ప్రశ్న కాదు. తెలుసుకోవడానికి అడిగాడు. అందుకే ఆవిడకు తప్పించుకునే దారి దొరకలేదు.

"బూతుబొమ్మలేవో అనుకున్నా," అంది. "సరిగ్గా చూడలేదు బాబూ. రోజూ చూసే కాళ్ళే. చూసి ఉంటే నాకు తెలిసేది."

కండక్టరు కిందికి చూసింది. ఆ తండ్రి కాసేపు తన చేతులు చూసుకుని, చాప మీదున్న కూతురిని పిలిచాడు. పిల్ల గెంతుతూ వచ్చి బల్ల మీద కూర్చుంది.

"అయితే ఇప్పుడు చూడండి," అన్నాడతను. "బొటనవేలు ముందుకొచ్చేసింది. జోడు కరుస్తోందంటోంది. మీకు ఇష్టం లేదేమోనని వారం ఆగుదామనుకున్నాం."

అక్కగారు నేల మీద కూర్చుంది. పిల్ల పాదం అరచేతిలోకి తీసుకుంది. బొటనవేలి పక్కన చర్మం కందిపోయి, నీటిబొబ్బ లేవబోతోంది. తెల్లకాగితం తెచ్చుకోలేదు. కండక్టరు సంచీలోంచి డ్యూటీ కాగితం ఒకటి తీసి, ఖాళీ వైపు తిప్పి నేల మీద పెట్టింది.

తమ్ముడు చేతిలో ఎత్తుమడమ జోడు ఒకటి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఇది ఎవరిదండీ? పక్క అరిగింది, మడమ మళ్ళీ కట్టాలి. ఇంకా నాలుగు జతలు అలాగే ఉన్నాయి. అన్నీ సోమవారం దుకాణానికి పట్రండి."

"సోమవారమా?" అంది అక్కగారు, తలెత్తకుండా. ఫ్యాక్టరీ కాగితం గడువు కూడా ఆ రోజే.

"ఆఁ. పొద్దున్నే వస్తే మధ్యాహ్నానికి ఇచ్చేస్తా," అన్నాడతను, ఆవిడతో కాదు, బల్లల మీదున్నవాళ్ళతో.

"కదలకు తల్లీ," అంది అక్కగారు. పెన్సిలు నిటారుగా పట్టుకుని, మడమ దగ్గర మొదలుపెట్టింది.